ద్యూసెన్ రాయి మీద జానెడు ఖాళీ

కైర్జాన్ పంపిన వాయిస్ మెసేజ్ రౌషన్ రెండుసార్లు వింది. మొదటిసారి నమ్మలేక, రెండోసారి పళ్ళు బిగబట్టుకుని.

"చెల్లెమ్మా, ద్యూసెన్ సంవత్సరీకానికి సమాధి రాయి నువ్వే చెక్కాలని మన గ్రూపంతా అంటోంది. వాడి మొహం ఓ పక్కన చిన్నగా వెయ్యి. మధ్యలో నా వోల్గా, దాని పక్కన నేను. ఎంతైనా ఆ కారు నేను బాగుచేసిందే కదా, వాడికి అదంటే ప్రాణం."

నా వోల్గా అట!

కరగందా నగరం శివార్లలో సమాధి రాళ్ళ మీద బొమ్మలు చెక్కడం రౌషన్ పని. నాన్న వదిలిపోయిన కారు మొరాయిస్తే, పాత వోల్గాల వాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో చేరింది. బల్ఖాష్ ఊరి రైల్వే షెడ్డులో మెకానిక్ ద్యూసెన్ అక్కడే పరిచయమయ్యాడు. "ఆ మర బిగించకు తల్లీ, వదులు చెయ్యి. ఇప్పుడు తిప్పు. ఏమంటోంది?" అంటూ వారం రోజులు ఫోన్లోనే చెప్పి బండిని కదిలించాడు. ఆ తర్వాత ఆరేళ్ళు ఒక్కసారీ ఎదురుపడకుండానే అన్నాచెల్లెళ్ళయిపోయారు.

తుప్పుపట్టిన డొక్కుని తెచ్చి, తొమ్మిదేళ్ళు కూర్చుని, లేతనీలం వోల్గాగా నిలబెట్టాడు ద్యూసెన్. వేసిన ప్రతి అతుకూ ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాడు. తలుపు లోపలి రేకు మీద కూతురి కోసం గీసిన రాత మాత్రం రౌషన్ ఒక్కదానికే పంపాడు. ఆ చలికాలంలోనే గుండె ఆగి పోయాడు.

ఖననం నాడు గ్రూపు పెద్ద కైర్జాన్, ఏడుస్తున్న ద్యూసెన్ భార్య శోల్పాన్ చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. "వదినా, మావాడి గౌరవంగా ఊరంతా ఒక్కసారి తిప్పి తెచ్చేస్తాం" అన్నాడు. తేలేదు. ఎండలు కాసేసరికి "నా తొమ్మిదేళ్ళ చెమట" అంటూ ఆ కారుతో ఫొటోలు పెట్టాడు. గ్రూపు పెత్తనం తనదే గనక ద్యూసెన్ పెట్టినవన్నీ తుడిచేశాడు. అడిగినవాళ్ళని బయటికి తోసేశాడు. కొత్తవాళ్ళు అతని మాటే నిజమనుకున్నారు.

అప్పుడు రౌషన్ నోరెత్తలేదు. ఇప్పుడూ తీయని గొంతుతోనే జవాబిచ్చింది. "అలాగే అన్నా. కారులో ఒక్క మర తప్పిపోకుండా చెక్కుతాను. ఆ రోజే చూద్దువుగాని."

రెండు నెలలు నల్లరాయి ముందు కూర్చుంది. గ్రూపులో రాతలు తుడిచేయొచ్చు. దీన్ని ఎలా తుడుస్తాడో చూద్దాం అనుకుంటూ ఒక్కో చుక్కా పొడిచింది. దెబ్బదెబ్బకీ కైర్జాన్ మొహమే కళ్ళ ముందుండేది.

సంవత్సరీకం నాడు బల్ఖాష్ శ్మశానం గేటు బయట ముప్ఫై పాత కార్లు వరసగా ఆగాయి. అన్నిటికంటే ముందు కైర్జాన్ నడుపుకొచ్చిన లేతనీలం వోల్గా. శోల్పాన్ రాయి మీది గుడ్డ లాగింది.

కైర్జాన్ బొమ్మ ఎక్కడా లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో పానాతో ద్యూసెన్ నవ్వుతున్నాడు. పక్కన తలుపు తెరిచిన వోల్గా. ఆ తలుపుకి లోపలి అట్ట ఊడదీసి ఉంది, రేకు మీద అక్షరాలు: "అయ్‌సులూ, నీ పెళ్ళికి ఈ కారే. నాన్న."

"ఇదేంటి?" అన్నాడు కైర్జాన్.

"నీ కారే కదన్నా. డ్రైవరు పక్క తలుపు. లోపల ఏముందో నీకు తెలీదా?"

"శ్మశానంలో ఈ వేషాలేంటమ్మా? ఏదో కట్టుకథ చెక్కి..."

ద్యూసెన్‌తో షెడ్డులో పనిచేసిన నూర్‌పెయిస్ తాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి గేటు వైపు నడిచాడు. అందరూ వెనకే వెళ్ళారు. తలుపు అట్ట ఊడింది. తాత వంగి, కళ్ళజోడు సర్దుకుని, పైకి చదివాడు. అదే మాట, అవే అక్షరాలు. శోల్పాన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"వాడికి నేనే సాయం..." కైర్జాన్ గొణిగాడు.

రౌషన్ సంచిలోంచి ఉలి తీసింది. "రాయి కింద జానెడు ఖాళీ ఉంచాను, చూశావా? ఇంట్లో సంవత్సరీకం విందు మాంసం పళ్ళేల్లోకి వచ్చేలోపు తాళాలు వదిన చేతికి రాకపోతే అక్కడ నీ పేరు పడుతుంది. ఏం దొంగిలించావో కూడా పడుతుంది. నీ మనవలు వచ్చి చదువుకుంటారు."

"నువ్వు మనిషివేనా?"

"ద్యూసెన్ మనిషిని."

చుట్టూ ఒక్కరూ అతని పక్కకి జరగలేదు. తాళాలు శోల్పాన్ అరచేతిలో పడ్డాయి. "చాలమ్మా, పేరు వద్దులే" అంది ఆమె. రౌషన్ ఉలి సంచిలో పెట్టేసింది గానీ, ఆ పేరు చెక్కాలనే కోరిక చేతిలోంచి పోలేదు.

భోజనానికి కార్లన్నీ కదిలాయి. కైర్జాన్‌ని ఎవరూ ఎక్కించుకోలేదు. ఊరి పక్క సరస్సు మీది గాలికి టోపీ పట్టుకుని రోడ్డు వెంట ఒక్కడే నడుస్తున్నాడు. రౌషన్ అతని పక్కకొచ్చి తన కారు నెమ్మది చేసింది. అతను ఆశగా తలుపు పిడి మీద చెయ్యి వెయ్యబోయాడు.

ద్యూసెన్ ఉంటే ఎక్కించుకోమనేవాడు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తెలిసే గేరు మార్చి ముందుకి పోనిచ్చింది.