ఎర్నీతో మాటలు బంద్

ఎర్నీ ట్రాంటర్ చేసిన తప్పల్లా ఒక్కటే, బాగా పనిచేశాడు. ఎవరు ఎంత వేగంగా పనిచేస్తారో కొలవడానికి లండన్ నుంచి మా కెటిళ్ళ ఫ్యాక్టరీకి స్టాప్‌వాచీ పట్టుకొచ్చిన ఆఫీసరు "అబ్బ, ఏం పనితనమండీ మీది!" అన్నాడు. అంతే, మనవాడు ఉబ్బిపోయి, కెటిళ్ళకు కొమ్ములతికే పని రెట్టింపు వేగంతో చేసి చూపించాడు. మర్నాడే యాజమాన్యం అందరికీ అదే వేగం ఖాయం చేసింది. బుద్ధున్నవాడెవడైనా వాచీ ముందు నిదానంగా చేస్తాడు. మా వుల్వర్‌హాంప్టన్‌లో పసిపిల్లలకీ తెలిసిన సంగతి అది.

యూనియన్ నాయకుడు సిరిల్ హాబ్‌డే మీటింగు పెట్టాడు. చేతులెత్తి ఓటేశాం. ఇక సభ్యులెవరూ ఎర్నీతో మాట్లాడకూడదు. మా దగ్గర కొట్టడాలూ తిట్టడాలూ ఉండవు, నోరు కట్టేసుకుంటాం.

చిక్కల్లా అతని కూతురు బెరిల్‌తో వచ్చింది. ప్యాకింగ్‌లో పని, ఆమె కూడా సభ్యురాలే. తల్లి లేని పిల్ల. ఇంట్లో కూడా తండ్రితో మాటల్లేవు. శనివారం ఆమె పెళ్ళి. పెళ్ళికూతుర్ని తండ్రే చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించాలి, ఆ పని తనను చెయ్యనిస్తుందో లేదోనని ఎర్నీకి బెంగ. అడిగితే పలకదు. క్యాంటీన్‌లో మూలబల్ల దగ్గర ఒంటరిగా కూర్చునేవాడు. చూస్తే జాలేసేది. అయినా రూలు రూలే.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో బెరిల్ ఉన్నట్టుండి లేచింది.

"నాన్నా! శనివారం నన్ను నడిపిస్తావా, సిరిల్‌ని పిలుచుకోమంటావా?"

సిరిల్ నిలబడ్డాడు. "సోదరులారా, ఇక బెరిల్‌తో కూడా మాటలు బంద్. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

మేమింకా మొహమొహాలు చూసుకుంటున్నాం. అందరికన్నా ముందు ఎర్నీ చెయ్యి లేచింది.

"ఓరి కసాయోడా, కన్నకూతురి మీదా!" అంది నా పక్కనున్న మేవిస్. ఎర్నీతో కాదు, నాతోనే అన్నానని తర్వాత సిరిల్‌కి సంజాయిషీ చెప్పుకుంది.

ఎర్నీ అన్నాడు: "సభ్యులే కదా వెలివేసినోళ్ళతో మాట్లాడకూడనిది? వెలివేసినోళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోకూడదని ఎక్కడుందయ్యా?"

సిరిల్ నోరు తెరిచాడు. ఎర్నీకి జవాబివ్వకూడదని గుర్తొచ్చి మూసేశాడు. మెల్లగా అందరి చేతులూ లేచాయి, తీర్మానం నెగ్గింది.

బెరిల్ తన పళ్ళెం పట్టుకుని మూలబల్లకి వెళ్ళింది. "నడిపిస్తావా లేదా, ముందది చెప్పు."

"నడిపిస్తానే పిచ్చిదానా," అన్నాడు ఎర్నీ.

తర్వాత ఇక వాళ్ళ కబుర్లకి అంతు లేదు. పువ్వులు, కేకు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ మాట్లాడుకున్నారు. మేము తలలు వంచుకుని తింటూ విన్నాం. నాకైతే ఏడుపొచ్చింది. ఆ పెళ్ళికి మమ్మల్ని ఇంకా రానిస్తారో లేదో అడగడానికి మాలో ఒక్కరికీ వీల్లేకుండా పోయింది.