ఎనిమిది సెకన్ల గొంతు

"ఒలే నీలా, బేగి రా! ఆ సచ్చిన గుంట మళ్ళీ ఫోన్ సేసిందే!"

పెరట్లో ఎండబెట్టిన నెత్తళ్ళు తిరగేస్తున్న నీలవేణి, చేపల వాసన చేతులతోనే వాకిట్లోకి పరుగెత్తింది. అత్తగారు లక్ష్మణమ్మ ఫోన్‌ని చెవికి బారెడు దూరంగా పట్టుకుని నిలబడి ఉంది. దానికి పసుపుతాడు చుట్టి, చిన్న నిమ్మకాయ కూడా కట్టింది. దయ్యానికి భయపడి ఫోన్‌కి నిమ్మకాయ కట్టిన మనిషి నౌపడ మొత్తానికి ఈవిడొక్కతే అయ్యుంటుంది.

ఫోన్లోంచి ఒక ఆడపిల్ల గొంతు వస్తోంది. "నా మాట మీకు వినిపిస్తోందా? ఈ రోజు గాలి తూర్పు నుంచి వీస్తోంది. నేను చాలా దూరం నుంచి మాట్లాడుతున్నాను." కాసేపు ఏమీ లేదు. మళ్ళీ అవే మాటలు, అదే విరుపు, అదే చోట ఊపిరి. ఆపైన ఠక్కున కట్టయిపోయింది.

"ఇది ఒకటోపాలి," అంది లక్ష్మణమ్మ. "సముద్రంలో పోయినోలు మూడోపాలి పిలిసినప్పుడు పలికితే తీసికెలిపోతారంతారు. నాను రెండోదానికే బేట్రీ పీకేస్తాను. ఇంక మూడోది ఎలగొస్తాదో సూస్తాను."

ఈ గొడవ మూడు రోజులుగా నడుస్తోంది. నీలవేణి భర్త శివాజీ రెండు వారాల కిందట టెక్కలిలో తల్లికి కొత్త సిమ్ము కొనిచ్చాడు. ఇప్పుడు ఆ నంబరుకే రోజూ పొద్దున్న ఇదే పిలుపు. నిన్న చద్దన్నం తింటూ శివాజీ స్పీకర్ పెట్టి విన్నాడు. వంటింట్లో రొయ్యలు వలుస్తున్న నీలవేణి చేతులు ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ గొంతు ఆమె కూడా పోల్చుకోలేదు. ఆమెకు ముందు గుర్తొచ్చినవి ఆ వాక్యాలు. అవి రాసింది తనే, చదివి రికార్డు చేసిందీ తనే. విశాఖపట్నంలో, అద్దాల గదిలో, 2012లో. అవి తెలిశాక గానీ గొంతు తెలియలేదు.

"బావా, అది నా గొంతే," అంది గుమ్మంలోకి వచ్చి.

శివాజీ ఆవకాయ ముక్క పక్కన పెట్టి మరీ నవ్వాడు. "నీదా? నీకలాటి గొంతెక్కడిదే? అదెవులో సదువుకున్న పిల్ల, గంట కొట్టినట్టు మాటాడతంది. నిన్ను మూడుసార్లు పిలిస్తే గానీ పలకవు." తర్వాత చెయ్యి కడుక్కుని, అదే నెట్‌వర్కు మీద హౌరా రొయ్యల షావుకారుతో అరగంట మాట్లాడాడు. "మా ఉప్పుమళ్ళ కాడ కూడా సిగ్నల్ సూడండి, ఎంత బాగుంతాదో," అని గొప్పలు పోయాడు.

ఆ సిగ్నల్ ఎవరి పుణ్యమో అతనికి తెలియదు. చెబితే వినేవాడూ కాదు. నౌపడ ఉప్పుమళ్ళు నీళ్ళు పెట్టినప్పుడు అద్దంలా ఉంటాయి. ఎక్కడో దూరపు టవరు మాట ఆ నీటి మీదుగా జారుకుంటూ వచ్చేస్తుంది. ఫోన్ ఆ దూరపు దానినే పట్టుకుని వేలాడుతుంది, పక్కనే ఉన్న టవరును పట్టించుకోదు, చివరికి రెండూ పోయి కాల్ తెగిపోతుంది. ఎంతమంది ఇంజనీర్లో తలలు పట్టుకున్న చోటు అది. అప్పుడు ఫోన్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న ఇరవై మూడేళ్ళ నీలవేణి కారులో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ రోడ్డు మీద పదకొండు రోజులు తిరిగి, దూరపు టవరు యాంటెన్నాను రెండంటే రెండు డిగ్రీలు కిందికి వంచమంది. కాల్ తెగడం ఆగిపోయింది. మరుసటి ఏడాది పెళ్ళయి, విధి వేళాకోళమన్నట్టు, అదే ఉప్పుమళ్ళ పక్క ఇంటికే కోడలిగా వచ్చింది. ఇక్కడ రోజుకు పద్నాలుగు మందికి వండి, చేపలు ఎండేసి, మూటలు కట్టించేసరికి, నోరు విప్పితే "వడ్డించనా", "అయిపోయింది", "వస్తన్నాను" తప్ప వేరే మాట అవసరమే పడలేదు.

నెల కిందట ఆమె పాత ఆఫీసు పెద్దాయన నరసింగరావు ఫోన్ చేశారు. జిల్లా అంతా కొత్త నెట్‌వర్కు వస్తోంది, నీలవేణి కావాలి అన్నారట. ఫోన్ ఎత్తింది శివాజీ. "ఆవిడ ఇప్పుడు ఉద్యోగాలు సెయ్యదండి, ఇంటి పట్టునే ఉంతాది," అని తనే తేల్చేశాడు. ఆ తర్వాత నరసింగరావు పెట్టిన మెసేజ్ మాత్రం ఆమె కంటపడింది. శుక్రవారం సాయంత్రంలోగా నువ్వే ఒక మాట చెప్పు, అని. ఇవాళ శుక్రవారం.

లక్ష్మణమ్మ చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. నీలవేణి తీసుకుని స్పీకర్ నొక్కింది.

"నా మాట మీకు వినిపి... గాలి తూర్పు... నేను చాలా దూ... దూ... దూ..."

నీటిలో మునిగిన మనిషి పిలిచినట్టుంది. లక్ష్మణమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. నీలవేణి మాత్రం ఫోన్‌ని ఇంకా దగ్గరకు తెచ్చుకుంది. ఇది ఊరూరా తిరిగి సిగ్నల్ కొలిచే కారు పని. కారులో ఒక ఫోన్ రికార్డు చేసిన ఎనిమిది సెకన్ల గొంతు పంపుతుంది, ఇంకో ఫోన్ అందుకుంటుంది. అందిన గొంతును అసలు గొంతు పక్కన పెట్టి, ఎంత పాడయిందో ఐదుకు మార్కులు వేస్తారు. అందుకునే ఫోన్‌లో ఉండాల్సిన నంబరు ఎప్పుడో రీచార్జి లేక చచ్చిపోయి, టెక్కలి కొట్లో అత్తగారికి అంటగట్టబడింది. కారులోని పాత కొలత పెట్టెలో ఆ నంబరు మార్చడం ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు కారు ఉప్పుమళ్ళ మధ్య ఉంది. రాత్రికి రాత్రే ఎవరో తను వంచిన రెండు డిగ్రీలూ మళ్ళీ ఎత్తేశారు. ఇక్కడికి ఐదు నిమిషాలు. ఐదేళ్ళ కిందటి తను ఆ రోడ్డు మీద ఇటే వస్తోంది.

లక్ష్మణమ్మ బ్యాటరీ పీకబోయింది. నీలవేణి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగేళ్ళలో అత్తగారి చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

"వద్దత్తా. మూడోది రానీ."

"నీకేటి పిచ్చా? పలికితే తీసికెలిపోతాదే!"

"తీసుకెళ్ళనీ."

ఇంటికి పాతిక అడుగుల్లో రైల్వే గేటు. గుణుపూరు బండికని వేసేశారు. నీలవేణి ఫోన్ పట్టుకుని అటు నడిచింది, వెనకే లక్ష్మణమ్మ దేవుళ్ళకు మొక్కుకుంటూ. గేటు ముందు దుమ్ముకొట్టుకుపోయిన తెల్ల కారు ఆగి ఉంది. ముందు సీట్లో కుర్ర ఇంజనీరు, ఒళ్ళో లాప్‌టాప్. నిమ్మకాయ ఊగుతూ ఫోన్ మూడోసారి మోగింది. నీలవేణి ఎత్తి, కారు కిటికీ దగ్గర నిలబడింది.

ఈసారి గొంతు చెక్కు చెదరకుండా వచ్చింది. "నా మాట మీకు వినిపిస్తోందా?"

నీలవేణి దాంతో పాటే నోరు తెరిచింది. మొదటి మాటకు గొంతు జీరపోయింది, తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు. రెండో వాక్యానికి కుదురుకుంది. "ఈ రోజు గాలి తూర్పు నుంచి వీస్తోంది. నేను చాలా దూరం నుంచి మాట్లాడుతున్నాను." అదే విరుపు, అదే చోట ఊపిరి. రెండు గొంతులూ ఒకటైపోయి, ఎవరిది ఎక్కడాగిందో తెలియలేదు.

కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "మేడమ్... ఈ గొంతు రోజూ వింటాను నేను. మీరు... నీలవేణి గారా? ఈ ఫైలు పేరే 'నీలవేణి ఒరిజినల్'."

ఆమె వంగి లాప్‌టాప్ తెర మీదికి చూసింది. పేరు ఉంది. ఎవరూ తుడిచెయ్యలేదు.

"మీ పెట్టెలో నంబరు మార్చండి, ఇది మా అత్తగారిది," అంది. "ఉప్పుమళ్ళ అవతలి టవరు రెండు డిగ్రీలు దించమనండి. వద్దులెండి, సోమవారం వచ్చి నేనే దింపిస్తాను. నరసింగరావు గారికి అలాగే చెప్పండి."

బండి పెద్ద చప్పుడుతో దాటిపోయింది. గేటు లేచింది, కారు వెళ్ళిపోయింది. లక్ష్మణమ్మ కదల్లేదు. కోడలి మొహంలోకి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఒరిజినల్ అంతే ఏటే?"

"అసలుది, అత్తా."

లక్ష్మణమ్మ కోడలి ముంజేతిని మెల్లగా ముట్టుకుంది, వెచ్చగా ఉందో లేదో చూస్తున్నట్టు. గొంతు తగ్గించి అడిగింది.

"మరైతే ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఉన్నది ఎవులే?"