మధ్యలో ఆగిన ముల్లు

కారు ఆయనే నడుపుతున్నారు, నేను ఎడమ సీట్లో కూర్చున్నాను, రోడ్డు చూస్తే మారేడుమిల్లి ఘాటు రోడ్డులాగే ఉంది కానీ లోయ ఉండాల్సిన చోట మా ఇంటి వసారా ఉంది, వసారాలో ఆరేసిన బట్టలు మాతో పాటే కొండ ఎక్కుతున్నాయి, ఇదేమిటని నాకేమీ అనిపించడం లేదు, ఎందుకంటే నా చూపంతా స్టీరింగు వెనకున్న టెంపరేచర్ మీటరు మీదే ఉంది. ముల్లు నడిమధ్యన నిలబడి ఉంది. అటు చల్లని గీత వైపు జరగదు, ఇటు ఎర్ర గీత వైపూ జరగదు. అంత బుద్ధిగా నిలబడ్డ ముల్లును చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

"చూశావా రాజ్యం, బండి బంగారం," అంటున్నారు మాణిక్యాలరావు గారు, అంటే మా ఆయన, పోయి ఏడాది దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బుగ్గన వాము పెట్టుకుని నములుతూ, ఏమీ జరగనట్టు.

"బంగారమా? మీరు పోయాక అది నన్నేం చేస్తోందో తెలుసా? రాత్రంతా చల్లారిన బండి, ఇంకా స్టార్టయినా చెయ్యలేదు, తాళం తిప్పగానే ముల్లు పోయి ఎర్ర గీతకి కొట్టుకుంటోంది. స్పీడ్ బ్రేకరు ఎక్కితే కిందకి పడిపోతుంది. దిగితే మళ్ళీ పైకి లేస్తుంది. బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేలోపు నా ప్రాణం నాలో ఉండటం లేదు."

"నువ్వు నడుపుతున్నావా?" అని ఆయన స్టీరింగు వదిలేసి నా వైపు తిరుగుతున్నారు, కారు మాత్రం తన దారిన తను మలుపు తిరుగుతోంది. "ఎవరు నేర్పారే?"

"మీరైతే నేర్పలేదు."

ఆ మాటకి ఆయన కొంచెం చిన్నబుచ్చుకుని మళ్ళీ ముందుకి తిరుగుతున్నారు. బతికున్నన్నాళ్ళూ ఈ కారు తాళం నా చేతికివ్వలేదు, నీకు రాదులే అన్నారు, ఇప్పుడు చిన్నబుచ్చుకోవడం ఒకటి.

"మీరావలీకి చూపించావా?" అంటున్నారు. మీరావలీ మా మెకానిక్కు.

"చూపించకేం. రేడియేటరు మార్చాడు, ముల్లు గెంతింది. నీళ్ళ పంపు మార్చాడు, గెంతింది. ఇంజనుకి బిగించే సెన్సరేదో కొత్తది వేశాడు, దానికీ గెంతింది. చల్లటి ఇంజనుకి ముల్లు వేడెలా చూపిస్తుందయ్యా, జబ్బు ఇంజనులో లేదు, ముల్లు దగ్గరో తీగ దగ్గరో ఉంది, అక్కడ చూడు అని నేనంటే వినడు. సారున్నప్పుడు ముల్లు కదిలేదే కాదమ్మగారూ, మీ చెయ్యి పడ్డాకే ఇలా అయింది అంటాడు. నా చెయ్యి పడ్డాకంట."

"నేనున్నప్పుడు కదల్లేదు కదా మరి," అని నవ్వుతున్నారు.

"నవ్వకండి."

నవ్వు ఆగేసరికి కొండ లేదు, కారు ఒక పొడుగాటి వరండాలో మెల్లగా పోతోంది, తెల్ల బట్టల నర్సులు గోడకి ఒత్తిగిలి మాకు దారి ఇస్తున్నారు, ఫినాయిలు వాసనా వాము వాసనా కలిసిపోయాయి, ఈ వరండా నాకు తెలుసు, ఆయన్ని లోపలికి తీసుకుపోయిన రోజు ఇక్కడే ఒక బల్ల మీద కూర్చుని తలుపు ఎప్పుడు తీస్తారా అని చూశాను. సరిగ్గా ఆ బల్ల ముందే ఆయన కారు ఆపుతున్నారు. బల్ల మీద నా చేతిసంచి ఒక్కటే ఉంది.

"ఇక్కడెందుకు ఆపారు?"

"ఇంజను బాగా కాగింది. కాసేపు ఆగుదాం."

"ముల్లు మధ్యలోనే ఉంది కదా."

"ముల్లుదేముందిలే," అంటున్నారు ఆయన, అలవాటైన ఆ తేలిక గొంతుతోనే.

ముల్లుదేముందిట. దాన్ని చూసుకునే కదా ఇన్నేళ్ళూ ఈయన పక్కన కూర్చున్నాను. నాకు కోపం మెడ దాకా వస్తోంది, డాష్‌బోర్డు అర లాగుతాను, అందులోంచి మాత్రలు బియ్యం జారినట్టు జారి నా ఒళ్ళో పడుతున్నాయి, చీర కుచ్చిళ్ళలోకి పోతున్నాయి, కాళ్ళ దగ్గర కుప్పపడుతున్నాయి. నిజానికి నాకు దొరికింది ఒక్క అట్ట. కారు తుడిచే గుడ్డ కింద దాచిన అట్ట, ఆయన పోయాక దొరికింది, సగం వాడేసి ఉంది.

"ఇవేంటి?"

"వాము," అంటున్నారు నా మొహం చూడకుండా.

"వాము కాదు. మందుల షాపతనికి చూపిస్తే గుండెకి అన్నాడు. గుండెకి అని ఎవరో షాపతను చెప్పాడు నాకు. మీరు నాకేం చెప్పారు? గ్యాస్ అన్నారు. నొప్పొచ్చిన ప్రతిసారీ గ్యాస్ అన్నారు. నేను పిచ్చిదానిలా జీలకర్ర నీళ్ళు కాచి ఇస్తుంటే గుటగుటా తాగేసి, హమ్మయ్య తగ్గింది అన్నారు. ఆ మాత్రం నటన నేనెక్కడా చూడలేదు."

"నీకు చెబితే కంగారు పడతావని."

"పడతాను. పెళ్ళాన్ని, నేను పడకపోతే పక్కింటావిడ పడుతుందా?"

"ఘాటులో ఎంత గొడవ చేశావో గుర్తులేదూ?" అంటున్నారు, ఆయనా కొంచెం గొంతు పెంచి. "ముల్లు ఎర్ర గీత దగ్గరకి వెళ్ళిందని ఆపమని ఒకటే అరుపులు. దిగి నడిచి పోతానన్నావు. వెనక ఆగిన బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి చూశారు. పరువు పోయింది నాకు."

"ఆ రోజు రేడియేటరులో చుక్క నీళ్ళు లేవు. నేను అరవకపోతే ఇంజను పట్టేసేది, అవునా కాదా?"

"అవునులే."

"మరి?"

"మరేముంది. మళ్ళీ నీకా గొడవ లేకుండా చేశాను."

ఇప్పుడు వరండా మా వసారా అయిపోయింది, ఆదివారం ఎండ పడుతోంది, నేలన పరిచిన పేపరు మీద ఆయన సరదాగా రిపేరు చేసుకునే పాత రేడియో విప్పి ఉంది, స్టీరింగు దగ్గర ఆయన లేరు, ఎడమ తలుపు తీసి ఉంది, అందులోంచి ఆయన కాళ్ళు మాత్రం బయటకి కనిపిస్తున్నాయి, మనిషి వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందకి దూరి ఏదో చేస్తున్నారు. ఇది కల కాదు, ఇది నిజంగా జరిగిన ఆదివారమే, ఘాటు గొడవ తర్వాతి ఆదివారం. కింద నుంచి ఒక చెయ్యి నా వైపు వస్తోంది.

"రాజ్యం, ఒక పిన్నీసియ్యి."

చెవి దురదేసినా పిన్నీసే, బొత్తాం ఊడినా పిన్నీసే, స్టవ్వు బర్నరులో చెత్త పడినా పిన్నీసే, నా మంగళసూత్రాలకి గుత్తిగా వేలాడే పిన్నీసుల్లో ఒకటి ఊడదీసుకుని పోవడమే తప్ప తిరిగి తెచ్చివ్వడం ఆయన ఎరగరు. చెయ్యి మెడ దగ్గరకి పోతుంది. అక్కడేమీ లేదు. పదోరోజున ఎవరో ఆడవాళ్ళు సూత్రాలతో పాటు పిన్నీసులు కూడా తీసేశారు, పిన్నీసులేం పాపం చేశాయని నన్నొక్క మాట అడగలేదు. ఆ కోపం కూడా ఇప్పుడే వస్తోంది.

"ఏం చేస్తున్నారక్కడ?" అంటున్నాను కాళ్ళతో.

"ఇంజను నుంచి ముల్లుకొచ్చే తీగ ఊడదీసేశాను," అంటోంది డాష్‌బోర్డు కింద గొంతు, ఎంతో మురిపెంగా. "దాని బదులు రేడియోలో ముక్క ఒకటి పెట్టాను. ఇక ఇంజను సలసలా మరిగినా, మంచుగడ్డ అయినా ముల్లు మధ్యలోనే ఉంటుంది. నువ్వు హాయిగా నిద్రపోవచ్చు."

"పోయాను," అంటున్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది. "హాయిగా నిద్రపోయాను. తునిలో పెళ్ళి చూసుకుని వస్తున్న రోజు కూడా. మీరు వాము నములుతున్నారు, చెమట తుడుచుకుంటున్నారు, నేను ముల్లు చూశాను, మధ్యలో ఉంది, అంతా బాగానే ఉంది కదా అని కళ్ళు మూసుకున్నాను. ఇంటి ముందు ఆపి లేపారు నన్ను. నువ్వు దిగు, నేను కాసేపు కూర్చుని వస్తా అన్నారు. వచ్చారా?"



"మేలుకుని ఉంటే ఏం చేసేదానివి?" అని డాష్‌బోర్డు కింద నుంచి వినిపిస్తోంది.

"అరిచేదాన్ని. కారు ఆపించేదాన్ని. రోడ్డు మీద ఊరంతా నిలబడి చూసినా, మీ పరువు పోయినా, చొక్కా పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయేదాన్ని. బతికేవారో లేదో నాకు తెలియదు. కానీ భయపడటం నా పని, అది మీరెందుకు లాక్కున్నారు? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా కళ్ళ ముందు బొమ్మ ముల్లొకటి పెట్టి, నిద్రపుచ్చి, మీ దారిన మీరు పోయారు. మీరు నన్ను ప్రేమగా చూసుకున్నారని అందరూ చెబుతుంటే నేను తలూపుతున్నాను. నాకు కోపంగా ఉందండీ. చెప్పుకోవడానికి కూడా మీరు లేరని ఇంకా కోపంగా ఉంది."

ఆయన బయటకి వస్తారేమో, మొహం చూద్దామని వంగుతున్నాను, ఎంత వంగినా కాళ్ళే కనిపిస్తున్నాయి, ఎండ మెల్లగా ఆ కాళ్ళ మీద నుంచి తప్పుకుంటోంది, చెయ్యి మాత్రం ఇంకా చాపే ఉంది.

"పిన్నీసిస్తావా, ఇవ్వవా?"

"ఇవ్వను. ఇచ్చినవాటిలో ఒక్కటైనా తిరిగిచ్చారా?"

"ఇక్కడే ఉందే," అంటున్నారు, "ఎక్కడికి పోతుంది."

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం ఎండ వసారా దాటి కారు అద్దం మీద పడుతోంది. ముల్లు ఎప్పుడు గెంతుతుందో కనిపెడదామని తాళం తిప్పి ఉంచి, కుడివైపు కూర్చుని చూసి చూసి విసుగొచ్చి, అలవాటైన ఎడమ సీట్లోకి జరిగాను, అక్కడే కునుకు పట్టేసింది. ఇంజను స్టార్టే చెయ్యలేదు. ముల్లు మాత్రం ఎర్ర గీత మీద కూర్చుంది.

కలలో చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి, డాష్‌బోర్డు కిందకి చెయ్యి పోనిచ్చాను. తీగల మధ్య వేలికి చురుక్కుమంది. తల వంచి చూస్తే, ఒక తీగ చివరినీ, రంగు గీతలున్న చిన్న రేడియో ముక్కనీ కలిపి పట్టుకుని ఒక పిన్నీసు ఉంది, తుప్పు పట్టి, నోరు ఊడిపోయి, దాని కొస పక్కనున్న ఇనుప రేకుకి ఆనుకుంటోంది, అది తగిలినప్పుడల్లా ముల్లు ఎర్ర గీతకి గెంతుతోందన్నమాట. మెలిక దగ్గర తుప్పు పట్టని చోట ఇంకా కొంచెం పసుపు ఉంది, నా సూత్రాల పసుపు.

"ఇచ్చారు లెండి," అన్నాను పైకే, పళ్ళు కొరుకుతూ, ఏడుస్తూ.

పిన్నీసు పట్టుకుని లాగేశాను. ముల్లు ఎర్ర గీత వదిలి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, చల్లని గీత మీద పడింది. కారు దిగి ముందుకి వెళ్ళి బానెట్టు మీద అరచెయ్యి పెట్టి చూశాను. నిజంగానే చల్లగా ఉంది.