కళ్లు అలసిపోయే పేజీ

జబీన్ ఆ ఉద్యోగంలో చేరినప్పుడు ఇంట్లో గొప్పగా చెప్పుకుంది. మహబూబ్‌నగర్‌లో బట్టల దుకాణం పైన కిరాయికి తీసుకున్న హాలు. అందులో ఒక కంప్యూటర్, తెర కింద కంటిపాపను చూసే కెమెరా. వచ్చినవాళ్లు గడ్డాన్ని ఒక పట్టీ మీద ఆనించి తెర మీది అక్షరాలు చదవాలి. చదివేది సులువైతే కంటిపాప మామూలుగా ఉంటుంది. బుర్రకు బరువైతే పెద్దదవుతుంది, చదవడం వదిలేస్తే మళ్లీ చిన్నదవుతుంది. ఎక్కడ ఎంత బరువు పడిందో జబీన్ ముందున్న ఇంకో తెర మీద గీతలా కనిపిస్తుంది. సైకాలజీ చదివి ఏం చేస్తావన్న చుట్టాలకు ఇక జవాబు దొరికిందని ఆమె సంబరం.

చదవడానికి ఇచ్చేవి గొర్రెల బీమా షరతులు. ఫోన్‌లోనే బీమా చేసుకునే ఆప్ ఒకటి రాబోతోందని, పల్లెటూరి మనుషులకు తగ్గట్టు దాన్ని తయారు చేయడానికే ఈ పరీక్ష అని హాలు నడిపే నాగేందర్ మొదటిరోజే చెప్పాడు. జబీన్ నమ్మింది. వచ్చినవాళ్లకూ అదే చెప్పింది.

మక్తల్ వైపు నుంచి వచ్చిన గోపమ్మకు యాభై దాటాయి. మంద ఉన్న ఇల్లు. పొదుపు సంఘంలో చేరాక చదవడం నేర్చుకున్న మనిషి. గడ్డం ఆనించి, పెదాలు కదుపుతూ, ఒక్క మాట వదలకుండా చదివింది. ఆరో పేజీకి వచ్చేసరికి నుదుటి మీద చెమట పట్టింది. గొర్రె చనిపోతే బీమా ఎప్పుడు రాదో ఆ పేజీలో ఉంది. అరపేజీ పొడవున ఒకే వాక్యం. గోపమ్మ మళ్లీ మళ్లీ మొదటికి వెళ్లింది. గీత నిట్టనిలువునా లేచింది. తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. చూపు అక్షరాల మీదుగా జారి కిందికి వచ్చేసింది.

"గీడ నాతోని గాలేదు బిడ్డా," అంది గోపమ్మ కళ్లు తుడుచుకుంటూ. "జర అల్కగ రాయమని మీ సార్లకు చెప్పు."

తప్పకుండా చెప్తానని జబీన్ మాటిచ్చింది.

చెప్పింది కూడా. అందరూ ఆ పేజీ దగ్గరే చేతులెత్తేస్తున్నారని, వాక్యాన్ని విడగొట్టాలని నాగేందర్‌కు గీతలు చూపించింది. అతను కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటీ చూశాడు. మంచి పని చేశారని మెచ్చుకుని చాయ్ తెప్పించాడు.

కొన్నాళ్లకు ఆ షరతుల కొత్త రూపం వచ్చింది. మొదటి పేజీలు పెద్ద అక్షరాలతో, గొర్రెపిల్లల బొమ్మలతో ముద్దుగా ఉన్నాయి. బీమా ఇవ్వని సందర్భాలు మాత్రం, ఇదివరకు అక్కడక్కడ ఉన్నవి కూడా, పోగుచేసి ఆరో పేజీలో కుక్కారు. వాక్యం ఇంకా పొడుగైంది. పొరపాటేమోనని జబీన్ అడిగింది.

"పొరపాటెందుకైతది? మనిషి ఎక్కడ అలసిపోతడో మీరే కద చూపించిన్రు," అన్నాడు నాగేందర్, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ. "మనం ఏం దాస్తలేం. అంత తెర మీదనే ఉంది. చదువుకోవద్దని ఎవరన్న అన్నరా?"

అతని గొంతులో కొంచెమైనా తొట్రుపాటు లేదు. నానిన బిస్కెట్ ముక్క అతని పెదవికి అంటుకుని ఉంది. జబీన్‌కు రోత పుట్టింది. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేదు. గడ్డం పట్టీని స్పిరిట్‌తో తుడుస్తుంటే, దాని మీద నమ్మకంగా ఆనిన ముఖాలన్నీ గుర్తొచ్చాయి. వెళ్లి చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. రోత పోలేదు. అది అతని మీద ఎంతో, తన మీద ఎంతో ఆమెకే తెలియలేదు. అయినా పని మానలేదు. మర్నాడూ వచ్చి మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

కొత్త రూపాన్ని పాతవాళ్లతో మళ్లీ చదివించాలన్నారు. గోపమ్మ వచ్చింది.

"మంచిగ అల్కగైంది బిడ్డా. నువ్వు చెప్పినట్టున్నవ్," అని, తెర మీంచి కళ్లు తీయకుండానే నవ్వింది.

ఆరో పేజీ వచ్చింది. గీత లేచింది, కాసేపు వణికింది, పడిపోయింది. ఇంతదాకా మంచిగానే ఉంది కదా అనుకుందేమో, ఈసారి గోపమ్మ వెనక్కి వెళ్లలేదు. ఒప్పుకుంటున్నానన్న బటన్ నొక్కేసింది. వెనక నిలబడ్డ నాగేందర్ మెల్లగా శభాష్ అన్నాడు.

జబీన్ లేచింది. కెమెరా ఆపేసి గోపమ్మ పక్కన కూర్చుంది. ఆరో పేజీలో ఉన్నదంతా ఇంటి మాటల్లో చెప్పింది. వానకాలం రోగమొచ్చి చస్తే రాదు. కుక్కలు కరిస్తే రాదు. మేతకోసం మంద ఊరు దాటిపోతే అసలు బీమానే చెల్లదు. నాగేందర్ ఆపమన్నాడు, ఉద్యోగం ఉండదన్నాడు. ఆమె ఆపలేదు. వంతు కోసం బయట కూర్చున్నవాళ్లూ గుమ్మంలోకి వచ్చి విన్నారు.

అంతా విని గోపమ్మ కుర్చీలోంచి లేచింది. తర్వాత నాగేందర్‌ను కాదు, జబీన్‌ను చూసింది.

"గిందుకా నా కండ్లు చూసింది?"

మొదటిసారి తనకూ తెలియదని జబీన్ చెప్పింది.

"ఇయ్యాల తెలిసే కూసోబెట్టినవ్ కద."

గోపమ్మ కొంగుతో గడ్డం గట్టిగా తుడుచుకుంది, ఏదో మురికి అంటినట్టు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. మిగిలినవాళ్లూ ఆమె వెనకే వెళ్లారు.

ఆ సాయంత్రమే జబీన్ మెడలోని కార్డు తీసి బల్ల మీద పడేసి వచ్చింది. ఆమె ఉద్యోగంలోకి ఇంకొకరు రావడానికి ఎన్నాళ్లో పట్టలేదు. గోపమ్మ సంఘం వాళ్లు ఆ బీమా ముట్టలేదని తర్వాత ఎవరో చెప్పారు. మిగతా ఊళ్లలో బాగానే అమ్ముడుపోతోందట.

వానలు మొదలైన రోజుల్లో తమ్ముడు ముజఫ్ఫర్ ఫోన్‌లో ఒక ప్రకటన చూపించి, ఇది నువ్వు పనిచేసినదేనా అని అడిగాడు. గొర్రెపిల్ల బొమ్మ. దాని కింద, మీకు అర్థమయ్యే మాటల్లో అని రాసి ఉంది. జబీన్ లేచి, వాకిట్లోకి వెళ్లి ఉమ్మేసింది.