పీరియడుకో పరామర్శ

మా బడి స్టాఫ్ రూములో ఎప్పుడూ రెండు వాసనలు. ఒకటి టీది, రెండోది జాలిది. టీ వాసన ఎలాగో భరించవచ్చు.

నేను ఆ బడిలో సోషల్ వర్కర్ని. పిల్లలు చదువులో వెనకబడితే కారణం కనుక్కుని, టీచర్లతో కలిసి దారి చూడటం నా పని. ఆ రోజు సమావేశంలో అందరూ ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మీద ఒంటికాలి మీద లేచారు. ఆలస్యంగా వస్తుందట, క్లాసులో తూగుతుందట, పక్కన కూర్చోలేనంత కంపట. సైన్సు టీచరమ్మ ఆ మాట అంటూనే బిస్కెట్టు టీలో ముంచింది.

ఆ పిల్ల నాకు చెప్పుకోలేక చెప్పుకోలేక చెప్పింది. తల్లికి పక్షవాతం, అన్నీ మంచం మీదే. ఇంట్లో ఇద్దరే. తెల్లారి తల్లిని కడిగి, పక్కగుడ్డలు ఉతికేసరికి పట్టిన నీళ్లు అయిపోతాయి. ఇక తన ఒంటికేం మిగులుతాయి? "అమ్మకి మాత్రం తెలియకూడదు టీచర్. అంతా తన వల్లే అనుకుంటుంది" అని నాతో ఒట్టు వేయించుకుంది.

స్టాఫ్‌కి అవసరమైనంతే చెప్పాను. ఆటల గది పక్కన స్నానాల గది ఉంది, గంట కొట్టకముందే వచ్చి అక్కడ స్నానం చేస్తుంది, మీరు కాస్త కనిపెట్టి ఉండండి అన్నాను. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. హెడ్మాస్టరుగారికి కళ్లు కూడా చెమర్చాయి.

కనిపెట్టి ఉండటమంటే వాళ్లకి అర్థమైంది వేరు. మొదటి పీరియడులో లెక్కల మాస్టారు హాజరు వేస్తూ, "స్నానం చేశావా అమ్మా?" అని తేనె పూసి అడిగాడు. రెండో పీరియడులో సైన్సు టీచరమ్మ అడిగింది. ఆ తరవాత డ్రిల్లు మాస్టారు. ఎవరికి వారే తామొక్కరే అడుగుతున్నామనుకున్నారు. నాలుగు రోజులు తిరిగేసరికి, టీచరు నోరు తెరవకముందే క్లాసంతా ఆ ప్రశ్న అందుకునేది. ఎద్దు పుండు కాకికి ముద్దంటారు. మా కాకులు పీరియడుకొకటి చొప్పున వాలాయి.

పిల్ల బడి మానేసింది. వాళ్లింటికి వెళ్లాను. గదిలో తడిసిన గుడ్డల వాసన ఘాటుగానే ఉంది. అయినా స్టాఫ్ రూములోని జాలి వాసన కంటే అదే నయమనిపించింది. తల్లి వంకరపోయిన నోటితో కూడబలుక్కుని అడిగింది.

"సెలవులు ఎప్పుడైపోతాయమ్మా? ఇది నా దగ్గరే కూర్చుంటే దీని చదువేం కాను?"

పిల్ల నా మొహంలోకి చూసింది. సోమవారం బడి తెరుస్తారని చెప్పి వచ్చేశాను.

స్టాఫ్ అందరినీ కూర్చోబెట్టి కడిగేశాను. ఇకమీదట ఆ ప్రశ్న ఎవరి నోటా రాకూడదన్నాను. మంచికి పోతే చెడు ఎదురైందని నొచ్చుకున్నారు గానీ, చివరికి సరేనన్నారు.

సోమవారం ఆ పిల్ల గంటకు ముందే వచ్చి, తలారా స్నానం చేసి, నున్నగా దువ్వుకుని క్లాసుకెళ్లింది. నేను వరండాలోనే నిలబడ్డాను. లెక్కల మాస్టారు తలెత్తి, పిల్లని చూసి నిండుగా నవ్వాడు.

"ఆహా, ఇవాళ స్నానం చేశావన్నమాట."

క్లాసు గొల్లుమంది. ఆయన గుమ్మం బయట నన్ను చూసి నాలిక కరుచుకున్నాడు.

"నేను అడగలేదండీ, మెచ్చుకున్నాను" అన్నాడు.

పిల్ల సంచీ తీసుకుని బయటికొచ్చి నా ముందు ఆగింది. ఏడవలేదు.

"ఈసారి అమ్మకి ఏం సెలవులని చెప్పను టీచర్?"