నిప్పు కప్పేవాడు

అది పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు. మధ్యాహ్నం రొట్టెల ఆఖరి వాయి దించి, అతను బట్టీలో బొగ్గులు ఒక పక్కకు లాగుతున్నాడు. కాలిన కనుబొమ్మలు మళ్లీ సరిగా మొలవలేదు. ముంజేతుల మీద వెంట్రుక లేదు.

పిండి బస్తాల పక్కన కుర్చీలో బావ ఉన్నాడు. బళ్లో భాషలు చెప్పి రిటైరైన మనిషి. ఉబ్బసం ముదిరింది. బట్టీ వెచ్చదనానికి దగ్గు తగ్గుతుందని రోజూ వస్తాడు. డాక్టరు ఇక మందులు రాయనన్నాడు.

వరదలో ఇల్లు కొట్టుకుపోతే, పిలిచి తన గదిలో సగం ఇచ్చింది ఈ బావే. అప్పటికే అక్క పోయి చాన్నాళ్లు. పిలవకపోయినా ఏమిటని అడిగేవాళ్లు లేరు. ఆ మాట చెప్పుకోవాలని ఇన్నాళ్లూ అనుకున్నాడు. నోరు పెగల్లేదు. ఇంకా జాగు చేస్తే వినే మనిషి ఉండడని తెలుసు.

పారతో బూడిద తీశాడు. పొద్దున్నకు నిప్పు బతికుండాలంటే బూడిద కప్పాలి. పల్చగా కప్పితే కాలిపోతుంది, మందంగా కప్పితే ఊపిరాడక చస్తుంది.

“ఒరేయ్, నువ్వు రోజూ చేసేదేమిటో తెలుసా? కర్ఫ్యూ,” అన్నాడు బావ.

“అది పోలీసులు పెట్టేది బావా. నా వీపునడుగు, చెబుతుంది.”

బావ నవ్వబోయి దగ్గాడు. “నీ వీపుకేం తెలుసు? లాటిన్‌లో ఫోకస్ అంటే పొయ్యి. ఫ్రెంచివాళ్ల నోట్లో నలిగి ఫ్యూ అయింది, అంటే నిప్పు. కూవ్ర్ అంటే కప్పడం. రాత్రయితే గంట కొట్టేవాళ్లు, నిప్పు కప్పండి, ఊరు తగలబెట్టకండి అని. రెంటినీ కలిపి వాళ్లు కూవ్ర్‌ఫ్యూ అంటే, ఇంగ్లీషువాళ్లు కర్ఫ్యూ అన్నారు. లాఠీలు తర్వాతొచ్చాయిరా.”

“అయితే నాదీ ఇంగ్లీషు పనేనన్నమాట.”

“మరి? దొరవి!”

నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే నోరు కదిలింది. కప్పడం ఆపి, పార గోడకు ఆనించి, బావ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“బావా, ఆ వేళ నువ్వు పిలవకపోతే నేనేమైపోయేవాణ్ణో.”

“చాల్లే. వంటచేసేవాడు లేక పిలిచాను.” బావ అతని చెయ్యి మాత్రం వదల్లేదు. “వచ్చావు కాబట్టే ఇన్నాళ్లూ వేడిగా తిన్నాను.”

బావ కళ్లు మూసుకున్నాడు. కునుకనుకున్నాడు అతను. చెయ్యి చల్లబడేదాకా తెలియలేదు.

పొద్దుగూకేలోపు అన్నీ జరిగిపోయాయి. బట్టీ సంగతి గుర్తే రాలేదు.

మర్నాడు వచ్చి చూస్తే నిప్పు చచ్చి తెల్లటి పొడి మిగిలింది. బట్టీలో పనిచేసిన అన్నేళ్లలో కప్పకుండా వెళ్లింది ఆ ఒక్క రోజే.

“ఇవాళ ఇంట్లో ఉండాల్సింది తాతా,” అన్నాడు బట్టీ ఓనరు గుమ్మంలోంచి.

“ఇంట్లో ఏముంది బాబూ,” అని పుల్లలు పేర్చాడు. అగ్గిపుల్ల గీసి, వంగి ఊదాడు. చెప్పేశాను, అది చాలు అనుకున్నాడు. మంట అందుకుంది. రొట్టెలు ఆలస్యంగా దిగాయి. ఎవరూ ఏమీ అనలేదు.

పిండి బల్ల మీద బావ కళ్లజోడు ఉంది. రెండద్దాల మీదా సన్నగా పిండి.