చింతపండుతో తోమిన ట్యాంకు

నేను ఒక మోటారుసైకిలు పెట్రోలు ట్యాంకుని. మెరూన్ రంగు, రెండు పక్కలా బంగారు గీత. బండి కొనేవాడు ఇంజను గురించి నాలుగు మాటలు అడుగుతాడు గానీ, చెయ్యి మాత్రం తెచ్చి నా మీదే వేస్తాడు. అందుకని నాకు మొదటి నుంచీ కాస్త మిడిసిపాటు ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నా లోపలి సంగతి బయటపెట్టాలి. అది చెప్పుకోవడానికి ఈ రోజుకీ నాకు సిగ్గే.

నన్ను రెండు రేకు ముక్కలుగా అచ్చులో నొక్కి, అంచులు కలిపి అతికారు. పైన కోటింగు మీద కోటింగు వేసి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది అద్దంలా చేశారు. లోపల మాత్రం ఒట్టి ఇనుము వదిలేశారు. లోపల ఎవరు చూడొచ్చారని కాబోలు. మనుషులు తమ పద్ధతిలోనే వస్తువుల్నీ చేస్తారు, తప్పుపట్టడానికి లేదు.

మొదట నన్ను కొన్నది చీరాలలో బట్టలకొట్టు పెద్దమనిషి. పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, బావమరిది ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు. అంత ప్రేమ చూపించినవాడు కొత్త మోడల్ రాగానే వెనక్కి తిరిగి చూడకుండా అమ్మేశాడు. అప్పుడు నేను వేటపాలెం దగ్గర సముద్రపు గాలి తగిలే ఒక చిన్న ఊళ్ళో, పెళ్ళిళ్ళకు వంటలు చేసే పోలయ్య ఇంటికి చేరాను.

పోలయ్య వండేవాడు, అతని భార్య కోటిరత్నం గంగాళాలు తోమేది. ముహూర్తాల రోజుల్లో ముందు పోలయ్య, వెనక ఆమె, ఇద్దరి మధ్య గరిటెల మూట. కోటిరత్నం తోమిన ఇత్తడి గంగాళంలో ముఖం చూసుకోవచ్చని చుట్టుపక్కల ఊళ్ళలో అనేవారు. చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు, ఆమె చెయ్యి, అంతే. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. వంట రుచిగా ఉందని పోలయ్యను ఎవరైనా మెచ్చుకుంటే, “గిన్నె శుభ్రంగా లేకపోతే నీ రుచి యాడ నిలబడిద్దయ్యా?” అని ఆటపట్టించేది.

ఒక పెళ్ళిళ్ళ సీజన్లో పోలయ్య గుండెపోటుతో పోయాడు. బండిని వరండాలో నిలబెట్టి నా మీద పాతచీర కప్పారు. పోలయ్య పోసిన పెట్రోలు కొంచెం నా అడుగున మిగిలి కంపు కొట్టడం మొదలుపెట్టింది.

వాళ్ళ కూతురు శిరోమణి పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి చదువుతోంది. రాతపరీక్ష గట్టెక్కింది, ఇక మిగిలింది పరుగు. చీకటితోనే లేచి ఇసుకలో పరిగెత్తి, చెమటతో ఇంటికొచ్చి వరండాలో నా మీదే చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేది. వయసు దాటిపోతోంది కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. ఈ మాట తల్లీకూతుళ్ళిద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనుకునేవారు కాదు.

పరుగుకి పిలుపు వచ్చింది. జిల్లా కేంద్రంలో గ్రౌండు, తెల్లారేసరికి గేటు దగ్గరుండాలి. ఆ వేళకి చేర్చే బస్సు లేదు. “నాన్న బండి మీద పోతాలే అమ్మా” అంది శిరోమణి. ఆ మాటకి కోటిరత్నం ముఖం ఎంత వెలిగిందో నేను చూశాను.

ఆ మధ్యాహ్నం కూతురు ఊళ్ళోకి వెళ్ళింది. కోటిరత్నం వచ్చి నా మూత తీసి ముక్కు పెట్టి చూసింది. “ఛీ, ఇదేం కంపు! నా బిడ్డ మంచి పనిమీద పోతా ఉంటే ఇట్టాంటి బండి మీదనా?” అనుకుంది. మొగుడు ట్యాంకు విప్పడం ఆమె ఎన్నోసార్లు చూసిందే. బోల్టు తీసింది, పైపు లాగింది, నన్ను చంకనేసుకుని నూతిగట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. పాత పెట్రోలు పారబోసింది. వేడినీళ్ళలో చింతపండు పిసికి, గుప్పెడు ఉప్పు వేసి, ఆ పులుసంతా నాలో పోసింది. కర్రపుల్లకు కొబ్బరిపీచు కట్టి, ఓపిగ్గా మూలమూలలా రుద్దింది.

నిజం చెప్పాలి, నాకు హాయిగా ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ అందరూ పైనే నిమిరారు. లోపల కూడా ఒకటుందని గుర్తించిన మొదటి మనిషి ఆమె. ఆ సుఖంలో మునిగి ఊరుకున్నాను. ఆమె నీళ్ళు పోసి కడిగి, నన్ను ఎండలో బోర్లించింది. పై తడి ఆరింది. వంపుల్లో చేరిన ఉప్పునీరు మాత్రం ఎటూ పోలేదు. సాయంత్రం నన్ను బిగించి, బంగారు గీతకు పసుపూ కుంకుమా పెట్టి, మొక్కుకుంది కూడా.

ఇత్తడికి మెరుపిచ్చిందే నాకు తెగులు తెచ్చింది. రోజులు గడిచేకొద్దీ నా లోపల గోడలు ఎర్రబడ్డాయి, గరుకెక్కాయి, పొలుసులు లేచాయి. శిరోమణి పెట్రోలు పోసి వీధిలో రెండు చుట్లు తిప్పింది. బండి బాగానే నడిచింది. బయట నేను పెళ్ళికొడుకులా ఉన్నాను. మంచి జరుగుతుందని ఇంట్లో ఇద్దరికీ నమ్మకం కుదిరింది. నాకొక్కదానికే లోపల ఏం రాలుతోందో తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

ఆ రోజు తెల్లవారుజామున సగం దారిలో బండి దగ్గి, ఊగి, ఆగిపోయింది. పొలుసులన్నీ జారి, పెట్రోలు దిగే కాక్ దగ్గరి జల్లెడను మూసేశాయి. శిరోమణి కిక్కు మీద కిక్కు కొట్టింది. పైపు లాగి నోటితో ఊదింది. పెదాల మీద పెట్రోలూ తుప్పూ అంటుకున్నాయి. చివరికి బండిని ఒక కిళ్ళీకొట్టు పక్కన వదిలేసి, పాలవ్యాను ఆపి ఎక్కి వెళ్ళింది. వెళ్తూ నా వైపు ఒక్కసారి చూసింది. తల వంచుకుందామంటే నాకు తల లేదు.

ఎండెక్కాక తిరిగొచ్చింది. కళ్ళు తడిగా లేవు. గేటు మూసేశారనీ, ఎంత బతిమాలినా లోపలికి పంపలేదనీ కిళ్ళీకొట్టు ఆయనకి రెండు ముక్కల్లో చెప్పి, బండి తోసుకుంటూ ఇంటికి వచ్చింది.

ఏడ్చింది కోటిరత్నం. వరండాలో కూలబడి నన్ను నానా తిట్లూ తిట్టింది. “ముదనష్టపు బండి! నా బిడ్డ నోటికాడ కూడు తీసేసిందే! అంత శుభ్రంగా తోమి పంపితే ఇంత పని చేసిద్దా!” అంది. ఒక్కో తిట్టూ పడాల్సిందే అనిపించింది. అయితే ఆ తిట్లు తిరిగి ఎవరికి తగులుతాయో ఆమెకు తెలియకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

నాలుగు రోజులు ఎవరూ నా జోలికి రాలేదు. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు బండిని మస్తాన్ వలీ షెడ్డుకు తోసుకెళ్ళారు. అతను పోలయ్య స్నేహితుడు, నోరు పెద్దది. మూత తీసి టార్చి వేశాడు.

“ఓర్నాయనో! ఎవురమ్మా ఇందులో నీళ్ళు పోసింది?”

జవాబు కోసం చూడకుండానే అతను నన్ను విప్పి, చిన్న నట్లూ పాతచైను ముక్కలూ లోపల వేశాడు. నీళ్ళు కలిపిన యాసిడ్ పోసి, మూత బిగించి, రెండు చేతులా పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. ఆ మోత బజారంతా వినబడింది. ఇన్నాళ్ళూ నేను కడుపులో దాచుకున్నదంతా గీరుకుపోతోంది. పక్కనే టీకొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని చూడవచ్చారు. మస్తాన్ నన్ను వంచాడు. ఎర్రటి బురదలాంటి నీళ్ళు షెడ్డు ముందంతా పారాయి. నా జన్మలో అంత నగుబాటు ఎరగను.

ఆ నీళ్ళతో పాటు నల్లబడిన చింతపండు ఈనెలు కొన్ని, ఒక చింతగింజ వచ్చి పడ్డాయి.

“ఏందిది? ట్యాంకా, పులుసుగిన్నా?” అన్నాడు మస్తాన్. టీకొట్టు వాళ్ళు పగలబడి నవ్వారు. “చింతపులుసు పోసి కడిగారంట్రా ఇనపట్యాంకుని! పైగా ఉప్పు కూడా ఏసుంటారు, అందుకే ఇట్టా తినేసింది. ఇట్టాంటి తెలివితక్కువ పని చేసిందెవురో చెప్పండి, దణ్ణం పెట్టుకుంటా!”

కోటిరత్నం నవ్వలేదు. గింజను చూసింది, నన్ను చూసింది. ముఖంలో రక్తం లేదు. ఆమెకు అప్పుడే అర్థమైంది, తను తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏదో చెప్పబోయింది.

“నేనే పోశాను మస్తాన్ మామా” అంది శిరోమణి. “కంపు కొడతా ఉందని కడిగాను.”

“నీకు బుర్రుందా అమ్మాయ్? మీ నాయన ఈ బండిని కంటికి రెప్పలా చూసుకున్నాడే! నీ కాళ్ళు నువ్వే విరగ్గొట్టుకున్నావు గదే!” మస్తాన్ మొహమాటం లేకుండా దులిపేశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నది. తల్లి వెనకే నిలబడి వింటోంది. నేను నేలమీద బోర్లా పడి వింటున్నాను. మా ముగ్గురిలో తప్పు లేనిది ఆ పిల్ల ఒక్కతే, తిట్లన్నీ ఆమెకే పడ్డాయి.

తర్వాత మస్తాన్ సోడా కలిపిన నీళ్ళతో యాసిడ్ పోగొట్టి, వేడిగాలి కొట్టి నన్ను ఎముకలదాకా ఆరబెట్టాడు. పెట్రోలులో కాస్త ఇంజనాయిలు కలిపి లోపలంతా తిప్పి పారబోశాడు. నన్ను బిగించి నిండా పెట్రోలు పోయించాడు. “ఖాళీగా ఉంచితే మళ్ళీ పట్టిద్ది, ఎప్పుడూ నింపి ఉంచు” అన్నాడు. లోపల నేను పుట్టిన రోజున ఉన్నంత శుభ్రంగా ఉన్నాను. ఆ శుభ్రం ఇప్పుడెవరికి కావాలి?

శిరోమణి బండి తిప్పి, “ఎక్కమ్మా” అంది.

“నువ్వు పో. నేను నడిచొస్తా.” కోటిరత్నం రోడ్డు వారగా నడక మొదలుపెట్టింది. శిరోమణి స్టార్టు చెయ్యలేదు. దిగి, బండి తోసుకుంటూ తల్లి పక్కనే నడిచింది. నిండు పెట్రోలుతో బరువెక్కి ఉన్నాను. ఆ పిల్ల చేతులు నొప్పి పుడుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఇద్దరూ ఊరి పొలిమేర దాటారు.

“కడిగింది నేనే శిరోమణీ” అంది కోటిరత్నం, రోడ్డు వైపు చూస్తూ. “నీకు మంచి జరగాలనే కడిగానే.”

“తెలుసమ్మా. బండి ఆగిపోయిన రోజు పైపు ఊదతా ఉంటేనే చింతపండు వాసనొచ్చింది.”

“మరి అప్పుడే ఎందుకు అడగలేదే?”

“అడిగితే నువ్వు మళ్ళా గంగాళం ముట్టుకుంటావా? ఎక్కు.”

కోటిరత్నం నడక ఆపింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, కూతురి భుజం పట్టుకుని ఎక్కింది.

శిరోమణి కిక్కు కొట్టింది. ఒక్క కిక్కుకే బండి అందుకుంది, దగ్గు లేదు, కుదుపు లేదు, హాయిగా సాగిపోయింది. నా తోటి ట్యాంకులు ఎన్నో ఉంటాయి, బాగా నడిచినందుకు సిగ్గుపడింది మాత్రం ఆ రోజున నేనొక్కదాన్నే అనుకుంటాను.